లెనిన్‌గ్రాడ్ సింఫనీని ఎందుకు చూడాలి

సభకు నమస్కారం.

సోవియట్ స్వరకర్త డిమిత్రీ షోస్తకోవిచ్ పెద్ద వాద్యబృందం కోసం రాసిన ఏడవ సింఫనీ, అదే లెనిన్‌గ్రాడ్ సింఫనీ గురించి మాట్లాడేవారు సాధారణంగా దాని చరిత్రతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ చరిత్ర అంత బలమైనది కాబట్టి వారిని తప్పుపట్టలేం. వాద్యబృందం ఎదుట కూర్చుని దాన్ని విన్న శ్రోతగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రచన మనుషుల ఊపిరి మీద, కండబలం మీద నడుస్తుంది. ఆ శ్రమ కళ్లారా చూస్తే తప్ప, 1942 ఆగస్టు 9న లెనిన్‌గ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) దీన్ని ప్రదర్శించడం ఎంతటి పనో మనకు అందదు.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1941 జూన్‌లో జర్మన్ సేనలు సోవియట్ యూనియన్ మీదికి దండెత్తాయి. ఆ వేసవిలోనే షోస్తకోవిచ్ సొంత ఊరు లెనిన్‌గ్రాడ్‌లో ఈ రచన మొదలుపెట్టాడు. సెప్టెంబరు 8న నగరం దిగ్బంధంలో చిక్కుకుంది. మూడు భాగాలు అక్కడే పూర్తయ్యాయి. అక్టోబరు మొదట్లో ఆయనను నగరం నుంచి తరలించారు. నాలుగో భాగం వోల్గా తీరాన కుయ్‌బిషెవ్‌లో (నేటి సమారా) డిసెంబరు చివర ముగిసింది. తొలి ప్రదర్శన కూడా ఆ ఊళ్లోనే, 1942 మార్చి 5న. స్వరపత్రాలు మైక్రోఫిల్ము రూపంలో టెహ్రాన్, కైరోల మీదుగా పశ్చిమ దేశాలకు చేరగా, జూలైలో ప్రఖ్యాత కండక్టర్ టోస్కనీని న్యూయార్క్ నుంచి రేడియోలో వినిపించాడు.

లెనిన్‌గ్రాడ్ సంగతి వేరు. 1941 నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ శ్రామికులు కానివారికి దొరికిన రొట్టె రోజుకు 125 గ్రాములు, అదీ కల్తీ పిండిది. ఆ చలికాలం గడిచేసరికి రేడియో ఆర్కెస్ట్రాలో వాయించే ఓపిక మిగిలినవారు సుమారు పదిహేను మందే అని చెబుతారు. ఈ సింఫనీకి వంద మంది దాకా కావాలి. ఆ ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ కార్ల్ ఎలియాస్‌బెర్గ్ సైనిక బ్యాండ్ల నుంచి మనుషులను రప్పించుకున్నాడు, వాద్యకారులకు అదనపు తిండి ఇప్పించారు. ప్రదర్శన వేళ శత్రువు ఫిరంగులు నోరెత్తకుండా సోవియట్ జనరల్ గోవొరోవ్ సేనలు వాటిపై గుళ్ల వర్షం కురిపించాయి. లౌడ్‌స్పీకర్లు ఆ సంగీతాన్ని నగరమంతటికీ, శత్రువుల కందకాలకూ వినిపించాయి.

ఇప్పుడు హాలులోకి వద్దాం. మొదటి భాగంలో కొన్ని నిమిషాలకు వాద్యాలన్నీ తగ్గిపోయి, సైనిక కవాతుల్లో వినిపించే చిన్న డోలు, స్నేర్ డ్రమ్ ఒక్కటే మొదలవుతుంది. ఇయర్‌ఫోన్‌లో వినేవారు అక్కడ ధ్వని పెంచుకుంటారు, దాంతో రచయిత ఉద్దేశం చెడుతుంది. హాలులో అయితే ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలియక జనం తలలు ఎత్తి వెతుకుతారు. నేను విన్న ప్రదర్శనలో డ్రమ్ వాద్యకారిణి పుల్లలను తోలు అంచు దగ్గరే ఉంచి, మణికట్టు తప్ప మరేదీ కదల్చకుండా వాయించింది. అల్లరి పాటలాంటి ఒక చిన్న వరుసను తీగవాద్యాలు మీటుతాయి, తరువాత ఫ్లూట్ అందుకుంటుంది, అలా ఒకదాని తరువాత ఒకటిగా వాద్యాలు చేరుతూ పది నిమిషాలకు పైగా ఆ వరుస పన్నెండు సార్లు వస్తుంది. వరుస మారదు, లయ మారదు, మోత మాత్రం పెరుగుతుంది. హంగేరీ స్వరకర్త బార్టోక్ 1943లో తన రచనలో దీన్ని ఎగతాళి చేశాడని ప్రతీతి. రికార్డింగు వింటే ఆ ఎగతాళి సబబే అనిపిస్తుంది. ఎదురుగా ఉంటే మాత్రం విసుగు పుట్టవలసిన చోట ఒళ్లు బిగుసుకుంటుంది, ఎందుకంటే ఆ డ్రమ్ ఆగదని, ఆపగలవారు వేదిక మీద ఎవరూ లేరని కళ్లకు కనబడుతూ ఉంటుంది. ఆ వరుస హిట్లర్ సేనలదేనా, స్టాలిన్ పాలనకూ వర్తిస్తుందా అన్న వాదం నేటికీ తెగలేదు. నా మటుకు, అది రెంటికీ సరిపోవడమే దాని బలం.

ఇత్తడి వాద్యాలను గమనించండి. ఎనిమిది హార్న్‌లు, ఆరు ట్రంపెట్లు, ఆరు ట్రాంబోన్లు, ఒక ట్యూబా. నాదస్వర విద్వాంసుడి బుగ్గలను, మెడ నరాలను దగ్గర నుంచి చూసినవారికి ఈ ఊదడంలోని కష్టం వేరే చెప్పనక్కరలేదు. మంచి భోజనం చేసి వచ్చిన నేటి వాద్యకారులే ఆ భాగం ముగిసేసరికి ఎర్రబడిన ముఖాలతో పెదవులు తడుముకుంటున్నారు. ఆకలితో చిక్కి శల్యమైనవారు డెబ్భై అయిదు నిమిషాల పైచిలుకు దీన్ని ఎలా మోసుకువెళ్లారన్న ప్రశ్న నాకు పుస్తకం చదివినప్పుడు కలగలేదు, ఆ పెదవులను చూసినప్పుడు కలిగింది. ఆ ఉప్పెన తగ్గాక బాసూన్ అనే మంద్రస్వరపు ఊదే వాద్యం ఒంటరిగా సాగించే దీర్ఘమైన విలాపం వస్తుంది. అన్ని వాద్యాల హోరులోనూ కదలని శ్రోతలు అక్కడ కదిలిపోతారు.

రెండో భాగం తేలిక. మూడో భాగం ఆగకుండా నాలుగోదానిలో కలిసిపోతుంది, కాబట్టి చప్పట్లకు తొందరపడకండి. ముగింపులోని విజయనాదం అతిశయమని కొందరు విమర్శకులు అంటారు. షోస్తకోవిచ్ అది రాసిన డిసెంబరులో లెనిన్‌గ్రాడ్ ఆకలితో చచ్చిపోతోంది, దిగ్బంధం పూర్తిగా తొలగింది 1944 జనవరి 27న. కనుచూపు మేరలో లేని విజయాన్ని అంత పెద్ద గొంతుతో కోరడాన్ని అతిశయమనడానికి నాకు మనసొప్పదు.

అవకాశం దొరికితే ఖరీదైన ముందు వరుసల టికెట్టు మాత్రం తీసుకోకండి. అక్కడ వయొలిన్ల వెనుక ఏమీ కనబడదు. బాల్కనీలో ప్రక్కగా కూర్చుంటే ట్రాంబోన్ల వరుస, డ్రమ్ము, కండక్టర్ ముఖం, మూడూ కనబడతాయి.