అదే గ్రహణం, 18 ఏళ్ల తర్వాత

యాంకర్: ప్రొఫెసర్ గారూ, ప్రతి పున్నమికీ చంద్రుడు సూర్యుడికి ఎదురుగానే ఉంటాడు. మరి నెలనెలా గ్రహణం పట్టదేం?

ప్రొఫెసర్: చంద్రుడు తిరిగే దారి భూమి దారికి ఐదు డిగ్రీలకు కాస్త ఎక్కువగా వాలి ఉంటుంది. అందుకని చాలా పున్నములకు మన నీడకు పైనుంచో కిందనుంచో జారిపోతాడు. ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే చోట్లే రాహువు, కేతువు. పున్నమి ఘడియ అక్కడికి దగ్గరగా పడాలి.

యాంకర్: పాములు కాదన్నమాట!

ప్రొఫెసర్: లెక్కలో రెండు బిందువులంతే. ఇక మీరు అడగబోయేది సారోస్ గురించి, అంటే గ్రహణాలు తిరిగొచ్చే చక్రం గురించి కదా? పున్నమికీ పున్నమికీ మధ్య 29.53 రోజులు. రాహువు దగ్గర బయల్దేరి మళ్లీ అక్కడికే రావడానికి 27.21 రోజులు. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయి? 223 పున్నములకు 6585.32 రోజులైతే, రెండోది 242 సార్లకు 6585.36. తేడా గంట కూడా లేదు. చంద్రుడి దూరం కూడా దాదాపు మొదటికే వస్తుంది. అందుకే 18 ఏళ్ల 10 లేదా 11 రోజులకు, మధ్యలో వచ్చిన లీపు సంవత్సరాలను బట్టి, అలాంటి గ్రహణమే మళ్లీ పడుతుంది. బాబిలోనియా వాళ్లు దీన్ని ఎప్పుడో పట్టేశారు.

పరిశీలకురాలు: ఒక్క మాట సార్. గ్రహణం వస్తుంది, నిజమే. మన నెత్తిమీదికి రావాలిగా! ఆ చివరి 0.32 రోజే మా కొంప ముంచేది.

యాంకర్: అదెలా మేడమ్?

పరిశీలకురాలు: దాదాపు ఎనిమిది గంటలు. ఆలోపు భూమి ఇంకో మూడోవంతు తిరిగేస్తుంది. 2007 ఆగస్టు 28న గ్రహణ మధ్యంలో చంద్రుడు పసిఫిక్ మీద ఉన్నాడు. అదే సారోస్ వరసలో తర్వాతిది 2025 సెప్టెంబర్ 7న హిందూ మహాసముద్రం మీదికొచ్చింది. 2043 సెప్టెంబర్ 19న అట్లాంటిక్ మీదికి పోతుంది. మూడు విడతలు, అంటే 54 ఏళ్లు దాటితేగానీ ఇంచుమించు పాత చోటికి రాదు. అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

యాంకర్: వరసగా నాలుగు వస్తాయంటారే, టెట్రాడ్ అని?

ప్రొఫెసర్: అది వేరు. ఆరేసి నెలల తేడాతో నాలుగు, అన్నీ సంపూర్ణమే. 2014, 15లో చూశాం. మళ్లీ 2032, 33లో. 1582 తర్వాత 1908 దాకా ఒక్కటీ లేదు. ఈ శతాబ్దంలో మాత్రం ఎనిమిది! దాన్ని అరిష్టమని ప్రచారం చేసేవాళ్లు ఆ మూడు శతాబ్దాలూ లోకం ప్రశాంతంగా ఉందా అన్నది కూడా చెప్పాలి.

పరిశీలకురాలు: తేదీ, నిమిషం లెక్క కట్టొచ్చు గానీ రంగు కట్టలేం. 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి వల్ల 1992 డిసెంబర్ గ్రహణంలో ఎరుపు కాదు కదా, చంద్రుడే కనబడీ కనబడనట్టు అయిపోయాడు. అలా ఉంటుందని ఏ సారోస్ పట్టికా చెప్పలేదు.

యాంకర్: 2026 మార్చి 3 తర్వాత సంపూర్ణ గ్రహణం?

ప్రొఫెసర్: 2028 డిసెంబర్ 31. 2010 డిసెంబర్ 21 నాటిదే, తిరిగొస్తోంది.

పరిశీలకురాలు: ఆ రాత్రి మబ్బు పట్టకుండా ఉంటే చాలు.