పుట్టికి ఎన్ని కిలోలు?

శ్రోతలకు నమస్కారం. పెన్నా డెల్టాలో వరి కోత మిషన్లు దిగాయంటే చాలు, ఎక్కడ విన్నా ఒకటే మాట: "పుట్టి ఎంత పలుకుతోంది?" దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. పుట్టికి ఎన్ని కిలోలు తూస్తున్నారు?

ధాన్యం కొలిచే నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. 2025-26కు వరి మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389 రూపాయలు. ఎనిమిదిన్నరతో హెచ్చిస్తే ఏ గ్రేడు పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు రావాలి. వ్యాపారి కళ్లం దగ్గరికొచ్చి 18,000 ఇస్తానన్నాడనుకోండి. పోయేది రెండు వేల మూడొందలే కదా అనిపిస్తుంది. అదే 18,000కి పుట్టి పేరున 950 కిలోలు తూస్తే రైతుకు క్వింటాలుకు గిట్టేది 1,895 రూపాయలు. అంటే క్వింటాలు మీద దాదాపు 500 పోయినట్టు.

పచ్చి ధాన్యం కాబట్టి ఎక్కువ తూస్తున్నామంటారు. అందులో కొంత న్యాయం ఉంది. ఎంత న్యాయమో లెక్క కట్టి చూద్దాం. మద్దతు ధరకు తేమ 17 శాతం మించకూడదు. 20 శాతం తేమున్న ధాన్యం ఆరి 850 కిలోలు మిగలాలంటే ముందు 882 కిలోలు ఉండాలి. 22 శాతమైతే 905. కాబట్టి 20 శాతం తేమకు 32 కిలోలు అదనంగా అడగడం సబబే, వంద కిలోలు అడగడం మాత్రం రైతు కష్టాన్ని తినేయడమే.

ఆరబెట్టుకోగలిగితే ఈ బేరమే ఉండదు. ధాన్యాన్ని పట్టల మీద ఒకటి, ఒకటిన్నర అంగుళాల మందాన పరిచి, గంటకోసారి కాలితో సాళ్లు తీసినట్టు తిరగదోయండి. పల్చగా పరిచి మండుటెండలో వదిలేస్తే గింజ లోపల పగులు పడుతుంది, మిల్లులో నూక పెరుగుతుంది. సాయంత్రం మంచు దిగకముందే కుప్ప చేసి కప్పేయండి. పరీక్షకు పైగింజలు ఒక్కటే తీస్తే తేమ తక్కువ చూపిస్తుంది, తీరా మిల్లు దగ్గర పేచీ వస్తుంది. కుప్ప పైన, నడుమ, అడుగున చేయి పెట్టి తీసి కలపండి. వేడి గింజను చల్లారాకే తేమ కొలిచే మీటరులో పోయించండి. మట్టి, రాళ్లు ఒక శాతం, తాలు, గడ్డి ఒక శాతం, పక్వానికి రాని గింజ 3 శాతం దాటకూడదు. తూర్పారబడితే తాలు, గడ్డి దారికొస్తాయి.

తూకం దగ్గర ఖాళీ గోనె సంచి బరువు మరిచిపోవద్దు. కొత్త సంచి సుమారు 580 గ్రాములు. అంతకు మించి తరుగు తీస్తుంటే ఖాళీ సంచిని కాటా మీద పెట్టి చూపించమనండి.

ఇంత చేసినా ప్రభుత్వ పంట నమోదు జాబితా ఈ-క్రాప్‌లో మీ పంట ఎక్కకుంటే రైతు సేవా కేంద్రంలో కొనుగోలు ముందుకు సాగదు. సర్వే నంబరు, విస్తీర్ణం, రకం మూడూ సరిచూసుకుని ఆధార్‌తో గుర్తింపు సరిచూసే ఈకేవైసీకి వేలిముద్ర వేయండి. కోత అయ్యాక పొలంలో చూపించడానికి పైరు ఉండదు, అందుకే దిద్దుబాటు పైరు నిలబడి ఉండగానే జరగాలి. కౌలు రైతుకు 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. దానికి భూ యజమాని సంతకం కావాలి. చాలామందికి చిక్కంతా ఆ సంతకం దగ్గరే. అది దొరక్క ధాన్యం భూ యజమాని పేరున వెళ్తే డబ్బు కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది.

డబ్బు ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకు వెళ్తుంది, రైతు చేతిలో ఉన్న పాసుపుస్తకం చూసి కాదు. అది ఏ బ్యాంకో నాట్లప్పుడే తెలుసుకోండి. లారీ కదిలేముందు, ధాన్యం వెంట మిల్లుకు వెళ్లే వివరాల కాగితం ట్రక్ షీటులో బస్తాల సంఖ్య, తూకం, తేమ శాతం రాశారో లేదో చూసి నకలు తీసుకోండి. అదే కుప్పలోంచి కిలో ధాన్యం గాలి చొరని కవరులో మూతి కట్టి ఇంట్లో ఉంచండి. మిల్లులో తేమ ఎక్కువుందంటే ఆ కవరు తీసుకెళ్లి అక్కడి మీటరులోనే పోయించవచ్చు.