ఆటిజం ఉన్నవాళ్లు తిండి మానేస్తే: ఫోన్-ఇన్ కార్యక్రమం

(శ్రీకాకుళంలో ఒక లోకల్ చానల్‌లో వచ్చిన ప్రత్యక్ష ప్రసారం. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: నమస్కారం. సైకియాట్రిస్ట్ డాక్టర్ గారు మనతో ఉన్నారు. ఆటిజం ఉన్నవాళ్లకి వచ్చే తిండి సమస్యలు, వాటికి వైద్యం గురించి అడగొచ్చు. సార్, ముందు రెండు ముక్కలు చెప్పండి, లైన్లు అప్పుడే నిండిపోయాయి.

డాక్టర్: రెండు ముక్కలే. అనొరెక్సియాలో లావైపోతామన్న భయంతో తిండి మానేస్తారు. అర్ఫిడ్ అని ఇంకొకటి ఉంది, 2013లో ఆ పేరు మానసిక వైద్యుల జాబితాలోకి ఎక్కింది. అందులో లావు గొడవ ఉండదు. వాసన పడదు, మెత్తగా ఉంటే నోట్లో పెట్టుకోలేరు, గొంతుకు అడ్డం పడుతుందని భయపడతారు. కొందరికి అసలు తిండి మీద ధ్యాసే ఉండదు. ఆటిజం ఉన్నవాళ్లకి ఈ రెండిట్లో ఏదైనా రావొచ్చు. అందరికీ చేసే వైద్యాన్నే మార్పుల్లేకుండా వీళ్లకీ చేస్తే చాలాసార్లు బెడిసికొడుతుంది. కాల్ తీసుకోండి.

యాంకర్: పలాస నుంచి. చెప్పండమ్మా.

పలాస కాలర్: డాక్టరు బాబూ, నమస్కారమండి. మా అమ్మాయికండి, పదహారేళ్లు. చిన్నప్పుడే విశాఖలో ఆటిజం అని చెప్పారు. చదువులో ఫస్టండి, లెక్కల్లో అయితే మరీను. ఇంటర్‌కి హాస్టల్లో వేశాం. అక్కడ తిండి సరిగ్గా తినలేదు. దసరాకి వచ్చేసరికి పిల్ల పుల్లలా అయిపోయిందండి. బలానికి చోడి (రాగి) అంబలి పెట్టొచ్చా అని అడుగుదామని...

డాక్టర్: ఆగండమ్మా. ఇంట్లో ఉన్నప్పుడు ఏం తినేది?

పలాస కాలర్: పెరుగన్నమండి. అన్నం పూర్తిగా చల్లారాలి. పెరుగు గడ్డగా ఉండాలి, మీగడ తగిలితే లేచిపోతాది. బంగాళాదుంప వేపుడు, కరకరలాడాలి. అరల కంచం ఒకటుంది, అందులోనే పెట్టాలి, ఒకటి ఇంకోదానికి తగలకూడదు. హాస్టల్లో ఏటంటే, అన్నం మీద సాంబారు పోసేస్తారటండి. నాలుగొందల మంది ఒకేసారి, కంచాల మోత. చెవులు మూసుకుని బయటికొచ్చేసేదట.

డాక్టర్: అద్దంలో చూసుకుని లావున్నానంటుందా? తూకం చూసుకుంటుందా?

పలాస కాలర్: అబ్బే, ఆ ఊసే లేదండి. చిక్కిపోయానని దానికీ తెలుసు.

డాక్టర్: వైద్యం చేయించారా?

పలాస కాలర్: చేయించామండి. ఒక చోట చార్టు రాసిచ్చారు. రోజుకో టిఫిను, వారానికి ఏడు రకాలు. కొత్తవి అలవాటు చెయ్యాలి, పాతవి ఇంట్లో ఉంచకండి అన్నారు. రెండు రోజులు చూసి నోరు కట్టేసుకుంది. వాళ్ల నాన్నయితే నాలుగు తగిలిస్తే అదే తింటాదంటారు. నేనే తెలివిగా పెరుగులో ప్రోటీన్ పౌడరు కలిపేశానండి. ఒక్క ముద్దకే కనిపెట్టేసింది. ఇప్పుడు పెరుగు కూడా ముట్టడం లేదు.

డాక్టర్: అదే! ఈ కార్యక్రమంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది అదే. దొంగచాటుగా ఏదీ కలపకండి. మందు గానీ పౌడరు గానీ. ఆ పిల్లకి లోకంలో నమ్మకమున్న తిండి అన్నం, పెరుగు, వేపుడు, ఈ మూడు రకాలే. అందులో ఒకదాని మీద నమ్మకం పోయింది. ఇక మిగిలినవి రెండు. సరే, నెలసరి వస్తోందా?

పలాస కాలర్: మూడు నెలలై రాలేదండి.

డాక్టర్: లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా?

పలాస కాలర్: నిన్న గుమ్మం దగ్గర తూలిందండి, పట్టుకున్నాను. అందుకే చోడి అంబలి...

డాక్టర్: అంబలి సంగతి తర్వాతమ్మా! రేపు పొద్దున్నే శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి, బీపీ చూడమనండి. ఈసీజీ తియ్యాలి. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూడాలి. మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి యాభై కంటే తగ్గితే అడ్మిట్ చెయ్యాల్సిందే. ఎంత చిక్కిందన్నది ఒక్కటే చూడకండి, గుండె ఎలా కొట్టుకుంటోందో చూడాలి. గత వారం ఏమైనా తిందా?

పలాస కాలర్: బిస్కట్లండి. వేపుడు కొంచెం. మొన్నటి నుంచి అదీ లేదు.

డాక్టర్: అయితే ఇంకో మాట. బాగా ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా ఎక్కువ తిండి పంపితే ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అయిదు రోజులు దాటి దాదాపు ఏమీ తినకపోతే ఆ ముప్పు ఉన్నట్టే. అందుకే ఇంట్లో బలవంతంగా కుక్కొద్దంటాను. డాక్టర్ల ఎదురుగా, రక్తపరీక్షలు చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచాలి.

పలాస కాలర్: బాబూ, ఆసుపత్రిలో వాళ్లు పెట్టింది తినదండి. వార్డులో ఆ వాసనలకే...

డాక్టర్: చెప్తాను. అరల కంచం పట్టుకెళ్లండి. ఆమె తినేవి, తిననివి, ముట్టుకుంటే ఎలా ఉండాలి, ఏ చప్పుడు పడదు, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. రాసేది మీరు కాదు, ఆమెనే రాయమనండి. డ్యూటీ మారినప్పుడల్లా నర్సమ్మకి ఆ కాగితం చూపించండి. మూల మంచం అడగండి. మొదటి పని బరువు, గుండె నిలబెట్టడం. అది ఆమె తినే రకాలతోనే చెయ్యాలి. రోజూ పెరుగన్నం, వేపుడే అయినా సరే, పరిమాణం పెంచుతాం. వెరైటీ తర్వాతి పని. చార్టు రాసినవాళ్లు తప్పుడువాళ్లు కారు, మామూలు అనొరెక్సియాలో భయపడే తిండిని అలవాటు చేయించడం వైద్యంలో భాగమే. ఈ పిల్లకి ఉన్నది ఆ భయం కాదు. మీగడ నాలిక మీద నిజంగానే భరించలేనట్టు ఉంటుంది. పదిసార్లు పెడితే అలవాటవుతుందని అనుకోకండి.

పలాస కాలర్: వాళ్ల నాన్న ఇక్కడే ఉన్నారండి, వింటున్నారు.

డాక్టర్: మంచిది. అయ్యా, కొడితే తినరు. తిన్నా కంచం చూస్తే దెబ్బ గుర్తుకొస్తుంది. ఇంకోటి, ఏ మార్పైనా ముందురోజే చెప్పండి. పెరుగు మళ్లీ పెట్టాలంటే, పౌడరు కలిపానని మీరే ఒప్పుకోండమ్మా. సీలు తియ్యని పెరుగు డబ్బా ఆమె చేతికిచ్చి, ఆమెనే మూత తియ్యమనండి.

పలాస కాలర్: అలాగే బాబూ. మరి చోడి అంబలి...

డాక్టర్: (నవ్వు) పెట్టొద్దు తల్లీ. అంబలి మీ కోసం చేసుకుని ఆమె పక్కన కూర్చుని తాగండి. అడిగితే ఇవ్వండి. రేపు ఉదయం ఆసుపత్రి, మర్చిపోకండి. వాయిదా వెయ్యొద్దు.

యాంకర్: థాంక్స్ అమ్మా. బొబ్బిలి నుంచి.

బొబ్బిలి కాలర్: బాబుకి ఆరేళ్లు సార్, ఆటిజం. ఒక రకం బిస్కట్లు, ఉత్త అన్నం. బరువు బాగానే ఉన్నాడు. ప్యాకెట్ రంగు మారితే తినడు.

డాక్టర్: బరువు బాగుందని ఊరుకోకండి. ఇలాంటి పిల్లల్లో విటమిన్ సి లేక చిగుళ్ల నుంచి రక్తం కారి, కాళ్ల నొప్పులతో నడవలేని కేసులుంటాయి. బి12 లేక చూపు దెబ్బతిన్న ఒక ఇంగ్లండు కుర్రాడి కేసు 2019లో అచ్చయింది, అతని తిండి చిప్స్, తెల్ల బ్రెడ్, అలాంటివి. రక్తపరీక్ష చేయించండి. జిల్లా ఆసుపత్రిలో చిన్నపిల్లల సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది, అడగండి. విటమిన్ చుక్కలు వాడాల్సొస్తే వేరే చెంచాతో, చెప్పి వెయ్యండి. బిస్కట్లో కలపొద్దు.

యాంకర్: రాజాం.

రాజాం కాలర్: సార్, మా ఆయనకి రాత్రి పూట గ్యాసండి, అన్నం సయించడం లేదు...

డాక్టర్: అది జనరల్ డాక్టరుకి చూపించండమ్మా. ఈవేళ విషయం అది కాదు.

యాంకర్: సారీ అండీ. విజయనగరం నుంచి ఒకరు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు.

విజయనగరం కాలర్: నమస్తే సార్. నాకు ఇరవై ఆరు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. ఆటిజం ఉందని పెద్దయ్యాకే తెలిసింది. అంతకుముందు నాలుగేళ్లు అనొరెక్సియాకి వైద్యం. నాది అర్ఫిడ్ కాదు, బరువు, క్యాలరీలు లెక్కపెట్టేదాన్ని. అంకెలంటే ఇష్టం. లెక్క తప్పితే టెన్షన్.

డాక్టర్: చాలామంది ఆడపిల్లల్లో ఇలాగే జరుగుతుందమ్మా. ఆటిజం ముందు కనిపించదు, తిండి జబ్బు కనిపిస్తుంది. అనొరెక్సియాకి వచ్చేవాళ్లలో ఆటిజం లక్షణాలు మామూలు జనంలో కంటే చాలా ఎక్కువగా ఉంటాయి. ఒక చిక్కుంది. ఆకలితో మాడిన మెదడు కూడా మొండిగా, ముడుచుకుపోయి కనిపిస్తుంది. అందుకే చిన్నప్పటి సంగతులు అడక్కుండా ఎవరూ తేల్చకూడదు.

విజయనగరం కాలర్: మా అమ్మని అడిగారు. గ్రూప్ థెరపీలో కూర్చోబెట్టారు సార్, ట్యూబ్‌లైట్ కింద. ఎలా ఫీలవుతున్నావని అడుగుతారు. నాకు జవాబు రాదు. సహకరించడం లేదని రాశారు. తర్వాత, ఆకలేసినప్పుడు తిను అన్నారు. నాకు ఆకలి తెలియదు. తలనొప్పి వస్తే, చేతులు వణికితే అప్పుడు తిండి గుర్తొస్తుంది.

డాక్టర్: కొందరికి ఒంటి లోపలి కబురు ఆలస్యంగా అందుతుంది, లేదా అసలు అందదు. వాళ్లకి ఆకలేస్తే తిను అనడం పనికిరాని సలహా. గడియారం పెట్టుకోండి. మూడు పూటలు, మధ్యలో మూడు చిరుతిళ్లు, అలారంతో. ఆకలి గురించి ఆలోచించాల్సిన పని లేదు.

విజయనగరం కాలర్: అదే చేస్తున్నాను. కానీ నా నియమాలన్నీ వదిలెయ్యాలంటున్నారు. నియమం లేకపోతే నేను ఏమీ తినలేను.

డాక్టర్: అన్నీ వదలక్కర్లేదు. ఒంటికి హాని చేసే నియమాన్ని తీసేసి, ఆ చోటులో తినిపించే నియమం పెట్టుకోవడం నయం. ఒకే టైము, ఒకే కంచం, ఒకే కుర్చీ, ఇవి జబ్బు కాదు. క్యాలరీ అంకె మాత్రం మీ చేతిలో వద్దు. తూకం కూడా మీరు కాదు, ఆసుపత్రిలోనే చూడాలి. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో, తిండి జబ్బుతో పాటు ఆటిజం ఉన్నవాళ్ల కోసం పీస్ పాత్‌వే అని ఒక వైద్య పద్ధతి తయారుచేశారు. కారం, వాసన లేని చప్పటి మెనూ విడిగా ఉంచారు, గదుల్లో వెలుతురు, రంగులు మార్చారు, ఒక్కొక్కరితో ఎలా మాట్లాడాలో చెప్పే కాగితం రాయించారు. మన దగ్గర అలాంటి విభాగం ఉందని నేను చెప్పలేను. మీ డాక్టరుకి పేరు చెప్పి, అక్కడ ఏం మార్చారో చూడమనండి. ఎలా ఫీలవుతున్నావన్నది రాసి పంపొచ్చా అని కూడా అడగండి. గ్రూపు కాకుండా ఒంటరి సెషన్...

విజయనగరం కాలర్: అడిగాను సార్. రూల్ అందరికీ ఒకటే అన్నారు.

డాక్టర్: అయితే డాక్టరుని మార్చండి. (నవ్వు) లేదు, ముందు అలా వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. మీకు తగ్గట్టు మార్పులు అడిగే హక్కు మీదే, దయ కాదు అది. కాగితం మీద రాసివ్వండి. మూర్ఛ, గుండెదడ లాంటివి ఉన్నాయా?

విజయనగరం కాలర్: ఇప్పుడు లేవు. మరి పండక్కి చుట్టాలింటికి వెళ్తే అందరూ కంచంలోకి...

(లైన్ కట్)

యాంకర్: హలో? లైన్ పోయినట్టుంది. టెక్కలి నుంచి ఒక టీచరు, టైమ్ ఒక్క నిమిషమే ఉంది.

టెక్కలి కాలర్: మా బడిలో అయిదో తరగతి పాప సార్, ఆటిజం. బడి భోజనంలో గుడ్డు వాసనకే వాంతి చేసుకుంటుంది. తినకపోతే మిగతా పిల్లలు కూడా మానేస్తారని...

డాక్టర్: మానెయ్యరండీ. పాపని గుడ్లు వడ్డించే వరుసకి దూరంగా, గాలి తగిలే చోట, ఇంటి డబ్బాతో కూర్చోబెట్టండి. మానసికంగా ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి తల్లినే ఫోన్ చెయ్యమనండి, తెలుగులో మాట్లాడతారు. డబ్బాలో మాత్రం ఏమీ కలపొద్దని...

యాంకర్: సార్, టైమ్ అయిపోయింది. డాక్టర్ గారికి థాంక్స్, ఫోన్ చేసినవాళ్లకి థాంక్స్. తర్వాత వార్తలు.