ఫోన్-ఇన్: పొంగలి తిని ఇచ్చిన రక్తం

వ్యాఖ్యాత: చెన్నై పెరంబూరు నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు. చెప్పండి అయ్యా.

శ్రోత: నమస్కారమమ్మా, డాక్టర్ గారికీ నమస్కారం. ఇంట్లో కోడలు, పిల్లలు ఉన్నారని మేడ మీదకు వచ్చి మాట్లాడుతున్నాను. నాకు 66 ఏళ్లు. మొన్న పరీక్షల ప్యాకేజీలో మగ హార్మోను టెస్టోస్టెరాన్ 286 అని, పక్కన నక్షత్రం గుర్తు వేసి ఇచ్చారు. ఇంజెక్షన్లు వేసుకుంటే మళ్లీ కుర్రవాడిలా తిరుగుతారని ఒక క్లినిక్‌లో చెప్పారు.

డాక్టర్: రక్తం ఎన్ని గంటలకు తీశారు?

శ్రోత: పదకొండు దాటింది. పొంగలి, వడ తిని, కాఫీ తాగి వెళ్లాను.

డాక్టర్: అయితే ఆ 286ను పక్కన పెట్టండి. ఈ హార్మోను పొద్దున ఎక్కువగా ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ తగ్గుతుంది. తిన్నా తగ్గుతుంది. పరగడుపున, ఉదయం పది లోపల, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. జ్వరం తగిలిన వారంలో అసలు వద్దు. ఎంతకంటే దిగితే తక్కువ అనే హద్దు విషయంలోనూ పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. అమెరికా యూరాలజీ సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాములంటుంది, అక్కడి హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 264 అంటుంది. మీ అంకె ఒకరికి తక్కువ, మరొకరికి మామూలు! సరే, మీ ఇబ్బంది ఏమిటి?

శ్రోత: నీరసం. సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే కునుకు పట్టేస్తుంది. పన్నెండేళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను.

డాక్టర్: గురక?

శ్రోత: (నవ్వుతూ) మా ఆవిడ హాల్లోకి మకాం మార్చి రెండేళ్లయింది.

డాక్టర్: మేడ మీద ఉన్నారు కనుక అడుగుతాను. కోరిక తగ్గిందా? తెల్లవారి లేచేసరికి అంగం గట్టిపడుతోందా?

శ్రోత: ...ఆ విషయంలో లోటు లేదండీ.

డాక్టర్: నాకు కావలసిన జవాబు అదే. 2016లో వెలువడిన అమెరికా పరిశోధనలో 65 దాటి, 275 కంటే తక్కువ ఉన్న 790 మందిని చూశారు. ఏడాది పాటు సగం మందికి హార్మోను జెల్, సగం మందికి ఉత్త జెల్. లైంగికంగా కొంత మేలు కనిపించింది. నీరసానికి చెప్పుకోదగ్గ గుణం లేదు. మీకు మేలు జరిగే చోట లోటు లేదు, లోటున్న చోట ఈ మందు పనిచేయదు.

శ్రోత: గుండెకు ప్రమాదమంటారు, నిజమేనా?

డాక్టర్: ఈ హార్మోను వాడినవారి గుండె గురించి చూసిన 2023 నాటి ట్రావర్స్ పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు మాత్రం కొంత ఎక్కువ కనిపించాయి. రక్తం కూడా చిక్కబడుతుంది. మీ గురక, పగటి కునుకు చూస్తే నిద్రలో ఊపిరి ఆగుతోందేమోనని నా అనుమానం. అది తేలకుండా హార్మోను జోలికి వెళ్లకూడదు. బరువెంత?

శ్రోత: 88 కిలోలు. ఎత్తు ఐదున్నర అడుగులు.

డాక్టర్: పొట్ట, షుగరు ఉన్నవారిలో ఈ హార్మోనును మోసే ప్రోటీను తగ్గి, మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది. విడిగా తిరిగే భాగం సరిపడా ఉండవచ్చు. బరువు దిగితే అంకే పెరుగుతుంది. ముందు నిద్ర పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ పడిపోవచ్చు, దానివల్లా నీరసమే.

శ్రోత: ఇంజెక్షన్లకు 2,000 అడ్వాన్సు కట్టేశానండీ.

డాక్టర్: రసీదు ఉందా?

శ్రోత: ఉంది.

డాక్టర్: రేపే వెళ్లి అడగండి. కాఫీ తాగే వెళ్లండి, దానికి పరగడుపు అవసరం లేదు.