కంబాలకొండ మీద ఒక ఫైర్ లైను

[తెర మీద: జాతీయ రహదారి నుంచి కనిపించే కంబాలకొండ]

నమస్కారం. ఐ.ఎఫ్.ఎస్., అంటే భారత అటవీ సేవ, అనగానే "ఏ దేశంలో పోస్టింగు?" అని అడిగేవారు మన విశాఖలో ఇప్పటికీ ఉన్నారు. విదేశాంగ సేవకూ అవే పొడి అక్షరాలు కనుక వారిని తప్పు పట్టలేను. నాకు విసుగు తెప్పించేది వేరే మాట: అటవీ అధికారి అంటే వనమహోత్సవం నాడు మొక్క నాటి ఫొటో దిగే పెద్దమనిషి అనుకోవడం.

ఆ మాట తప్పని చూపడానికి ఒకే ఉదాహరణ చాలు. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఈ కంబాలకొండ అభయారణ్యంలో కొండవాలు వెంట గడ్డీ గాదరా తీసేసి, నేల కనిపించేలా చేసిన పట్టీ ఒకటి ఉందనుకుందాం. దానినే ఫైర్ లైను అంటారు. ఒక పక్క అంటుకున్న మంట రెండో పక్కకు పాకకుండా అది ఆపాలి.

ఆ పట్టీ మీద రోజూ నడిచేది బీట్ ఆఫీసరు; బీట్ అంటే అడవి కాపలాలో అన్నింటికన్నా చిన్న భాగం. నాలుగు గంటల్లో పురుషులు 25, మహిళలు 16 కిలోమీటర్లు నడిచి చూపితేనే ఈ ఉద్యోగం వస్తుంది. ఆ పరీక్ష ఎందుకు పెట్టారో ఏప్రిల్ మధ్యాహ్నం ఈ వాలు ఎక్కినవారికి వేరే చెప్పనక్కరలేదు. జనవరిలో శుభ్రం చేసిన పట్టీ మీద మార్చికల్లా ఆకులు మళ్లీ పరుచుకుంటాయి, గాలికి ఒక మూల మోకాలి లోతున పేరుకుంటాయి. వాటిని మళ్లీ ఊడ్పించకపోతే జనవరిలో పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహం పసిగట్టిన మంటను ఫోనుకు సందేశంగా పంపుతుంది, నిజమే. అయితే ఉపగ్రహంలోని వీఐఐఆర్ఎస్ అనే పరికరం చూపే ఒక్కో చుక్క సుమారు 375 మీటర్ల మేర నేలకు గుర్తు. ఆ మేరలో మంట ఏ బండ వెనక ఉందో వెతకవలసింది మనిషే.

[తెర మీద: అదే పట్టీ, దగ్గరగా]

కొన్ని బీట్లకు సెక్షన్ ఆఫీసరు, ఆ పైన రేంజ్ ఆఫీసరు. పట్టీ ఎన్ని మీటర్లు, ఎందరు కూలీలు, ఎంత ఖర్చు అన్న అంచనా తయారయ్యేది రేంజిలోనే. ఎవరైనా నిప్పు పెట్టి పట్టుబడితే కేసు కాగితాలు నడిచేదీ అక్కడే. నా దృష్టిలో శాఖకు వెన్నెముక ఈ రేంజ్ ఆఫీసరే, కానీ వార్తల్లో ఆయన పేరు కనిపించేది తక్కువ.

కొన్ని రేంజిలు కలిసిన డివిజను బాధ్యత డి.ఎఫ్.ఓ.ది, అంటే డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరుది. 1966లో ఏర్పడిన భారత అటవీ సేవకు నేరుగా ఎంపికైనవారు డెహ్రాడూన్‌లో శిక్షణ పొంది, సహాయ అధికారిగా పనిచేశాక ఈ కుర్చీలోకి వస్తారు. రాష్ట్ర సేవ నుంచి పదోన్నతి పొందినవారూ వస్తారు. పట్టీలు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పే వర్కింగ్ ప్లాను, అంటే అడవి పనుల ప్రణాళిక, సాధారణంగా పదేళ్లకు రాస్తారు, అధికారి మాత్రం అంతకు చాలా ముందే బదిలీ అవుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కూల్చిన చెట్ల వంటివి ఎండితే కొండంతా వంటచెరకే కనుక, ఆ తరువాత వచ్చే అధికారి పాత ప్లానును గుడ్డిగా అనుసరించలేరు.

సమయం మించిపోతోంది కనుక మిగతావి గబగబా చెబుతాను. నేరుగా ఎంపికైనవారు సుమారు 14 ఏళ్లకు కన్సర్వేటరు, 18 ఏళ్లకు చీఫ్ కన్సర్వేటరు స్థాయికి అర్హులవుతారు. శిఖరాన ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి ఉంటారు. వారి బల్ల మీద మన పట్టీ బడ్జెట్టులో ఒక పద్దు మాత్రమే. ఆ పద్దుకు డబ్బు డిసెంబరులో విడుదలైతే బీట్ ఆఫీసరు గడ్డి కోయిస్తారు; మార్చిలో విడుదలైతే, చీపురుకు బదులు పచ్చి కొమ్మ పట్టుకొని మంటను కొడతారు.