తలుపు దగ్గర చెప్పే మాట
(కడపలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల శిక్షణ తరగతిలో ఒక గైనకాలజిస్టు ప్రసంగం)

అక్కయ్యలూ, సిస్టర్లూ, అందరికీ నమస్కారం.

ఓపీలో కూర్చోగానే ‘మేడం, మా ఆయనతో కలవాలంటే నొప్పి’ అని చెప్పేవాళ్లు బాగా అరుదు. నడుము నొప్పి అంటారు, తెల్లబట్ట అంటారు, నీరసం అంటారు. మందుల చీటీ తీసుకొని తలుపు దాకా పోయి, కొంగు సర్దుకుంటా వెనక్కి తిరిగి, ‘ఇంకొకటి మేడం...’ అంటారు. ఆమె వచ్చింది దానికోసమే.

పెద్ద జబ్బంటే మనవాళ్లు బస్సెక్కేది వేలూరికే కదా. అక్కడ సీఎంసీ ఆసుపత్రి ఓపీకి వచ్చిన 149 మంది పెళ్లయిన ఆడవాళ్లను కోరిక, తడి, తృప్తి, నొప్పి వంటి వాటి మీద 19 ప్రశ్నలు అడిగినారు. 2009లో అచ్చయింది. 73 శాతం మందికి ఇబ్బంది ఉన్నట్టు లెక్క తేలింది. 40 దాటినవాళ్లలో, చదువు తక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువ. వైద్యుల దగ్గరికి పోయినవాళ్లు ఒక్కరూ లేరు.

అట్లని నలుగురిలో ముగ్గురికి జబ్బని ఊర్లో చాటొద్దండి. అమెరికాలో 31 వేలమందికి పైగా ఆడవాళ్లను అడిగి 2008లో లెక్క తీస్తే, ఇట్లాంటి సమస్య ఏదో ఒకటి ఉందన్నవాళ్లు 43 శాతం. దాంతో మనసుకు బాధ కూడా ఉందన్నవాళ్లు 12 శాతమే. ఆమెకు బాధ లేకుంటే అది జబ్బు కాదు. మొగుడికి బాధగా ఉందని పెళ్లానికి మందు రాయలేం.

మన దగ్గర ఇంకొకటుంది, గర్భసంచి ఆపరేషన్. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3 శాతం, మన రాష్ట్రంలో దాదాపు 9. అధిక రక్తస్రావం తగ్గి సుఖపడినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ దాంతోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే, 50 ఏళ్లకు అటూ ఇటూగా మెల్లగా తగ్గాల్సిన హార్మోన్ ముప్పైల్లోనే ఒక్కసారిగా పడిపోతుంది. యోని పొర పలచబడి, పొడిబారి, మంట పుడుతుంది. ఇంట్లోనేమో ‘ఆపరేషన్ అయినంక దీనికి మనసు లేదు’ అంటారు. మనసు కాదు నాయనా, తడి లేదు! జెల్ ఉంది, డాక్టర్ చూసి ఇచ్చే క్రీమ్ ఉంది.

షుగర్, కాన్పు తర్వాతి నెలలు, దిగులు, దిగులుకు వాడే కొన్ని మాత్రలు కూడా కారణాలే. మాత్రలు సొంతంగా ఆపొద్దని చెప్పండి. తాగొచ్చి కొట్టే మొగుడి మీద కోరిక పుట్టలేదంటే దానికి నా దగ్గర మాత్ర లేదు. ఒకే గదిలో అత్తా, పిల్లలూ పడుకునే ఇంట్లోనూ అంతే.

మీరు ఇండ్లకు పోయినప్పుడు అత్త లేని సమయం చూసి, ‘కలిసేటప్పుడు నొప్పేమన్నా ఉందా అక్కా?’ అని ఒక్క మాట అడగండి. ఆమె నవ్వి ఊరుకుంటే వదిలేయండి. వచ్చే నెల మళ్లీ పోతారు కదా.

మీ ప్రశ్నలు రాయడానికి చీటీలు పంచినాం. పేర్లు రాయొద్దు. అప్పుడే ఒకటి వచ్చింది, చదువుతా.