తువ్వాలు కింద ఆరేసే బట్టల కథ

నమస్కారం! మన వైజాగ్‌లో ఏ మేడ ఎక్కినా చీరలూ చొక్కాలూ దర్జాగా ఎండకి ఊగుతుంటాయి. బ్రాలు మాత్రం తువ్వాలు కింద నక్కి ఉంటాయి. అసలే సముద్రపు చెమ్మ, ఆరేదే ఆలస్యం, పైన ఇంకో గుడ్డ! ఇవాళ ఆ బట్ట గురించే మాట్లాడుకుందాం. ఇయర్‌ఫోన్స్ అక్కర్లేదు, వాల్యూమ్ పెంచుకోండి.

ఒకప్పుడు యూరప్, అమెరికాల్లో కార్సెట్ ఉండేది. నడుము సన్నగా కనబడాలని లోపల ఉక్కు పుల్లలు పెట్టి, తాళ్లతో బిగించేవారు. ఊపిరాడటమే కష్టం. ఆ బాధ పడలేక న్యూయార్క్‌లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ రెండు పట్టు చేతిరుమాళ్లకి రిబ్బను కలిపి బ్రా కుట్టించుకుంది. 1914లో దానికి పేటెంట్ కూడా వచ్చింది. తర్వాత ఆ హక్కుల్ని వార్నర్ బ్రదర్స్‌కి 1,500 డాలర్లకే అమ్మేసింది. సినిమా వాళ్లు కాదండోయ్, కార్సెట్ల కంపెనీ! అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో చేరారు. ఉక్కు పుల్లలు కట్టుకుని మిషన్ దగ్గర వంగేదెలా? ఫ్యాషన్ వల్ల బట్టలు మారాయంటారు గానీ, నన్నడిగితే పనే మార్చింది.

మన దేశంలో ఇంకో రకం గొడవ. ఇప్పటి దక్షిణ కేరళ, కన్యాకుమారి వైపు ఉండే తిరువాన్కూరు సంస్థానంలో, తక్కువ కులమని చూసిన నాడార్ స్త్రీలు పై ఒళ్లు కప్పుకునే హక్కు కోసమే దశాబ్దాలు కొట్లాడారు. 1859లో గానీ రాజుగారి అనుమతి రాలేదు. అది కూడా పెద్ద కులాల వాళ్లలా వేసుకోకూడదన్న షరతుతో!

1977లో అమెరికాలో లీసా లిండాల్‌కి పరుగు ఇష్టం, మామూలు బ్రాతో కుదరడం లేదు. స్నేహితురాళ్లతో కలిసి, మగ ఆటగాళ్లు వేసుకునే సపోర్టర్లు రెండు జోడించి కుట్టారు. అదే స్పోర్ట్స్ బ్రా. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో పరుగెత్తే అమ్మాయిలకి ఆ సంగతి తెలియకపోవచ్చు.

ఇక మన పక్కనే, అచ్యుతాపురం సెజ్‌లో, అంటే ఎగుమతి ఫ్యాక్టరీల ప్రత్యేక ఆర్థిక మండలిలో, విదేశాలకి వెళ్లే లోదుస్తులు తయారవుతాయి. కుట్టేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. పొద్దున్నే కంపెనీ బస్సెక్కుతారు, నెలయ్యేసరికి సొంత జీతం. అలాగని అంతా బాగుందనను. 2022లో అక్కడ రెండుసార్లు విషవాయువు పీల్చి ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. స్వేచ్ఛ గురించి మాట్లాడుతూ ఆ సంగతి వదిలేస్తే ఎలా?

మీ ఇంట్లో అక్కడ పనిచేసే అక్కో వదినో ఉంటే, ఒక్క బ్రా పూర్తవ్వాలంటే ఎంతమంది చేతులు మారుతుందో కామెంట్‌లో చెప్పమనండి. వచ్చే వీడియోలో చదువుతాను.